ఐవీఎఫ్, డోనర్, సరోగసీ, దత్తత: సంతకం పెట్టేముందు ఏది ఎవరికి సరిపోతుందో చూసుకోండి

ఫెర్టిలిటీ సెంటర్‌కి వెళ్లిన జంటకి చాలాచోట్ల మొదటి రోజే ప్యాకేజీ కాగితం చేతిలో పెడతారు. రెండు ఐవీఎఫ్ సైకిళ్లకి (అండాలు తీసి, ల్యాబ్‌లో వీర్యంతో కలిపి, పిండాన్ని గర్భాశయంలో పెట్టే ఒక్కో విడత) ఇంత, మూడు సైకిళ్లకి ఇంత, డోనర్ అండం, అంటే వేరే మహిళ ఇచ్చేది కావాలంటే పైన ఇంకొంత. సరోగసీ (మీ బిడ్డని ఇంకో మహిళ మోసి కనడం) సంగతి ఎత్తితే గొంతు కాస్త తగ్గించి "అవన్నీ మేం చూసుకుంటాం, మీకెందుకండీ టెన్షన్" అంటారు. సూదులు ఎవరి ఒంట్లోకి వెళ్తాయి, పుట్టిన బిడ్డకి చట్టం ప్రకారం అమ్మానాన్న ఎవరు, రేపు తేడా వస్తే మీ చేతిలో ఏ కాగితం ఉంటుంది అన్న మూడు సంగతులు మాత్రం అందులో కనపడవు.

ఖర్చులు, సక్సెస్ రేట్లు పోల్చే వీడియోలు బోలెడు ఉన్నాయి కాబట్టి నేను వాటిని పైపైన చెప్పి, హక్కుల వైపు నుంచి పోలుస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. అండం ఇచ్చే మహిళ, బిడ్డను మోసే తల్లి, పుట్టే పసివాడు, వీళ్లలో ఎవరికి రక్షణ లేకపోయినా ఆ దారిలో డబ్బు కట్టిన మీకూ రక్షణ ఉండదు.

ఇది నీతి కోసం చెప్తున్న మాట అనుకోకండి. 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసు చూడండి. సరోగసీ ద్వారా మీ బిడ్డే పుట్టిందని చెప్పి ఒక జంట దగ్గర ముప్పై లక్షలకు పైగా తీసుకున్నారు. అనుమానం వచ్చి డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే బిడ్డకీ వాళ్లకీ సంబంధమే లేదు. పోలీసులు చెప్పిన దాని ప్రకారం ఆ బిడ్డ అస్సాం నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న పేద దంపతుల బిడ్డ, లక్షలోపు డబ్బిచ్చి తెచ్చారు. అక్కడ సరోగేట్ తల్లే లేదు. జిల్లా మెడికల్ బోర్డు పత్రం, కోర్టు ఉత్తర్వు, మోసే ఆవిడ పేరు మీద బీమా, ఈ మూడింట్లో ఒక్కటి చూపించమని గట్టిగా పట్టుబట్టినా కథ అక్కడే ఆగిపోయేది.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

మన దేశంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ 1978 అక్టోబరు 3న కోల్‌కతాలో పుట్టింది, ప్రపంచంలో మొదటి పాప పుట్టిన డెబ్బై రోజులకే. డాక్టర్ సుభాష్ ముఖర్జీ ఆ పని చేస్తే అప్పటి ప్రభుత్వం నమ్మలేదు సరికదా వేధించింది, 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. అక్కడి నుంచి నలభై ఏళ్లకు పైగా ఈ రంగం చట్టమనేదే లేకుండా నడిచింది. మధ్యలో 2005లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు వచ్చాయి గానీ వాటిని పాటించకపోతే అడిగేవాళ్లు లేరు.

ఆ ఖాళీలో ఏం జరిగిందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 2008లో గుజరాత్‌లోని ఆనంద్‌లో ఒక జపాన్ జంట కోసం సరోగసీలో పాప పుట్టేసరికి ఆ జంట విడాకులు తీసుకున్నారు. అండం ఇంకెవరో డోనర్‌ది. తల్లి ఎవరో తేలక పాపకి పాస్‌పోర్టు రాలేదు, విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బేబీ మాంజీ కేసు అంటారు. రెండోది మన దగ్గరే. 2017లో బంజారాహిల్స్‌లో ఒక సెంటర్ మీద దాడి చేస్తే నలభై మందికి పైగా సరోగేట్ తల్లులు ఒకే భవనంలో ఇళ్లకు దూరంగా ఉంటున్నారు.

చివరికి ఏఆర్‌టీ (పిల్లలు పుట్టడానికి చేసే ఐవీఎఫ్ లాంటి చికిత్సలు) నియంత్రణ చట్టం, సరోగసీ నియంత్రణ చట్టం రెండూ 2021లో పాసై, 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు మీరు ఏ దారిలో వెళ్లినా వీటి కిందే వెళ్లాలి. దత్తతకి జువెనైల్ జస్టిస్ చట్టం, 2022 దత్తత నిబంధనలు వేరేగా ఉన్నాయి.

దేన్ని చూసి పోల్చుకోవాలి

నేనైతే ఈ వరసలో చూస్తాను. ముందు, మీ స్థితికి చట్టం అనుమతిస్తుందా (వయసు, పెళ్లి, ఇప్పటికే పిల్లలున్నారా). తర్వాత, మూడో మనిషి ఒంటి మీద ఎంత భారం పడుతుంది, ఆ మనిషి నిజంగా ఒప్పుకున్నట్టేనా. తర్వాత, బిడ్డ మీ బిడ్డే అని చెప్పే కాగితం ఎంత గట్టిది. ఆ తర్వాతే డబ్బు, సమయం. ఇక ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి, రేపు ఆ బిడ్డ పెద్దయ్యాక "నేను ఎక్కడి నుంచి వచ్చాను" అంటే జవాబు దొరికే దారి ఉందా.

| | సొంత అండం, వీర్యంతో ఐవీఎఫ్ | డోనర్‌తో ఐవీఎఫ్ | సరోగసీ | కారా (కేంద్ర దత్తత సంస్థ) ద్వారా దత్తత |
|---|---|---|---|---|
| ఎవరికి వీలు | పెళ్లయిన జంట | పెళ్లయిన జంట, ఒంటరి మహిళ | వైద్య కారణం ఉన్న, పిల్లల్లేని జంట. వితంతువు లేదా విడాకులు తీసుకున్న మహిళ | జంట, ఒంటరి మహిళ, ఒంటరి పురుషుడు (మగబిడ్డ మాత్రమే) |
| వయసు | మహిళ 50 లోపు, పురుషుడు 55 లోపు | అదే | మహిళ 23–50, పురుషుడు 26–55. వితంతువు లేదా విడాకులు తీసుకున్న మహిళ 35–45 | రెండేళ్లలోపు బిడ్డకి ఇద్దరి వయసు కలిపి 85 మించకూడదు |
| మూడో మనిషి మీద భారం | లేదు | అండం డోనర్ మీద ఎక్కువ, వీర్యం డోనర్ మీద దాదాపు లేదు | చాలా ఎక్కువ | ఒంటి మీద లేదు |
| తల్లిదండ్రుల హోదా | పుట్టుకతోనే | పుట్టుకతోనే, డోనర్‌కి హక్కు ఉండదు | మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో | జిల్లా కలెక్టర్ ఉత్తర్వుతో |
| డబ్బు | సైకిల్‌కి లక్షల్లో | ఇంకాస్త ఎక్కువ | అన్నిటికంటే ఎక్కువ | లక్ష లోపు |
| సమయం | నెలలు | నెలలు | ఏడాది పైనే | చిన్న బిడ్డ కోసం ఏళ్లు |
| పుట్టుక తెలుసుకునే దారి | ప్రశ్నే లేదు | చట్టంలో లేదు | మీరు చెబితేనే | ఉంది |

సొంత అండం, సొంత వీర్యం

హక్కుల లెక్కలో ఇదే అన్నిటికంటే తేలిక. మూడో మనిషి లేడు. ఉన్న భారమంతా భార్య ఒంటి మీదే, సమస్య భర్తదైనా సరే ఇంజెక్షన్లు ఆవిడకే, అండాలు తీసే ప్రొసీజర్ ఆవిడకే. వీర్యం పరీక్షకి వెళ్లడానికే మొహమాటపడే మగవాళ్లు భార్యని మూడు సైకిళ్లు చేయించుకోమనడం ఎంత అన్యాయమో ఇంట్లో ఎవరో ఒకరు గట్టిగా అనాలి.

వయసు దగ్గర మాత్రం మొహమాటం వద్దు. సొంత అండంతో అయితే 35 లోపు ఉన్న అవకాశం 40 దాటాక బాగా పడిపోతుంది. బ్రిటన్ నియంత్రణ సంస్థ లెక్కల్లో 35 లోపు ఒక్కో ఎంబ్రియో (పిండం) ట్రాన్స్‌ఫర్‌కి బిడ్డ పుట్టే అవకాశం సుమారు మూడో వంతు ఉంటే, 43 దాటాక ఐదు శాతం దగ్గర తిరుగుతుంది. అక్కడ ఏ క్లినిక్‌లో ఎంత సక్సెస్ అన్నది ఆ సంస్థే జనానికి చూపిస్తుంది. మన దగ్గర క్లినిక్ గోడ మీద రాసుకున్న "80 శాతం సక్సెస్" దేని మీద లెక్కేసిందో అడగండి. ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్ రావడం వేరు, బిడ్డ ఇంటికి రావడం వేరు. మీ వయసు వాళ్లలో, ఒక్క ట్రాన్స్‌ఫర్‌కి, ప్రాణంతో పుట్టిన బిడ్డల లెక్క చెప్పమనండి.

పై వయసు పరిమితి ఎందుకు పెట్టారని కోపం వచ్చేవాళ్లకి గుంటూరు గుర్తు చేస్తాను. 2019 సెప్టెంబరులో డెబ్బై దాటిన మహిళకి అక్కడ ఐవీఎఫ్‌తో కవలలు పుట్టారు, దేశమంతా వార్త అయింది. ఆవిడ జీవితమంతా పడ్డ మాటలు తలచుకుంటే అర్థం కాకుండా పోదు. కానీ ఆ పిల్లలకి పదేళ్లు వచ్చేసరికి ఎవరు చూస్తారన్న ప్రశ్న కూడా హక్కే కదా, అది పిల్లల హక్కు. ఈ విషయంలో 50 అన్న గీత నాకు సబబుగానే కనిపిస్తుంది.

ఖర్చు మందులతో కలిపి ఒక సైకిల్‌కి ఒకటిన్నర నుంచి రెండున్నర లక్షలు అనుకోండి, ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు, డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు అక్కడ ఏయే సేవలు నడుస్తున్నాయో కనుక్కుని, ఆ తర్వాతే అప్పు సంగతి ఆలోచించండి.

డోనర్ అండం లేదా వీర్యం

వయసు వల్లో, అండాలు నిండుకోవడం వల్లో, వీర్యంలో కణాలే లేకపోవడం వల్లో డాక్టర్ ఈ మాట ఎత్తుతారు. మోసేది, కనేది మీరే. చట్టం ప్రకారం పుట్టిన బిడ్డ మీ సొంత బిడ్డే, డోనర్‌కి ఏ హక్కూ ఉండదు, రేపు వచ్చి అడగడానికి వీల్లేదు. మీ వైపు నుంచి కాగితం గట్టిగానే ఉంది.

అండం ఇచ్చే ఆవిడ వైపు చూద్దాం. పది పన్నెండు రోజుల హార్మోన్ ఇంజెక్షన్లు, మత్తు ఇచ్చి అండాలు తీయడం, కొందరికి ఓవరీలు వాచి పొట్టలో నీరు చేరి ప్రాణం మీదికి రావడం కూడా ఉంది. అందుకే చట్టం 23 నుంచి 35 ఏళ్ల మధ్య మహిళే ఇవ్వాలని, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలని, ఏడు అండాలకు మించి తీయకూడదని, ఆవిడ పేర 12 నెలల బీమా తీసుకోవాలని చెప్పింది. ఒక డోనర్ అండాలు ఒక్క జంటకే వెళ్లాలి. వీర్యానికీ అదే రూలు.

ఇక్కడే చిక్కు. అండం అమ్మడం నేరం, కాబట్టి ఆవిడకి అధికారికంగా ఏమీ ముట్టదు. మరి ఊరూ పేరూ తెలియని జంట కోసం ఎవరు ఊరికే ఇంజెక్షన్లు పొడిపించుకుంటారు? జవాబు అందరికీ తెలుసు. ఏజెంట్ల ద్వారా, చేతికి డబ్బిచ్చి, ఎక్కడా రాయకుండా. రాయకపోతే ఆవిడ ఇది ఎన్నోసారి ఇస్తోందో ఎవరికీ తెలియదు, ఒంట్లో బాగోకపోతే ఆవిడని చూసేవాళ్లు ఉండరు. నాకైతే ఆవిడ పడ్డ కష్టానికి ఇంత అని పారదర్శకంగా ఇవ్వనిచ్చి, పేరు జాతీయ రిజిస్ట్రీలో ఎక్కించడమే నయం అనిపిస్తుంది. ఈ లోపు మీరు చేయగలిగింది: డోనర్ వచ్చింది రిజిస్టర్ అయిన ఏఆర్‌టీ బ్యాంకు (డోనర్ల నుంచి అండాలు, వీర్యం సేకరించే సంస్థ) ద్వారానేనా, బీమా పత్రం ఉందా అని అడగడం. "ఒకే డోనర్ అండాలు ఇద్దరు జంటలకి షేర్ చేస్తే మీకు ఖర్చు తగ్గుతుంది" అని ఎవరైనా అంటే అది చట్టవిరుద్ధం, లేచి వచ్చేయండి.

ఇక బిడ్డ. బ్యాంకు దగ్గర డోనర్ పేరు, ఆధార్ అన్నీ ఉంటాయి, కానీ ఆ బిడ్డ పెద్దయ్యాక అడిగి తెలుసుకునే దారి మన చట్టంలో లేదు. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ తర్వాత నమోదైన డోనర్ల ద్వారా పుట్టినవాళ్లు 18 ఏళ్లకి డోనర్ ఎవరో తెలుసుకోవచ్చు. ఐక్యరాజ్యసమితి పిల్లల హక్కుల ఒప్పందం ఏడో అధికరణం, వీలైనంత మేరకు తన తల్లిదండ్రులెవరో తెలుసుకునే హక్కు బిడ్డకి ఉందంటుంది, ఆ ఒప్పందంలో మన దేశమూ చేరింది. చట్టం చేయకపోయినా మీరు ఒకటి చేయొచ్చు. బ్యాంకు ఇచ్చిన డోనర్ వివరాలు, బ్లడ్ గ్రూప్, వైద్య చరిత్ర కాపీ తీసుకుని ఇంట్లో భద్రంగా పెట్టండి. ఇంట్లో ఎవరికీ చెప్పకూడదన్న రహస్యం మీద ఈ నిర్ణయం నిలబడితే, ఇంటికే కిట్ తెప్పించుకుని డీఎన్‌ఏ చూసుకుంటున్న రోజుల్లో అది ఎన్నాళ్లు ఆగుతుందో ఆలోచించుకోండి.

సరోగసీ

అన్నిటికంటే అపోహలు ఎక్కువ ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

డబ్బిచ్చి గర్భం మోయించుకోవడం ఇప్పుడు నేరం. మోసే ఆవిడకి వైద్య ఖర్చులు, 36 నెలల బీమా, అంతే. డబ్బు వ్యవహారం నడిపినవాళ్లకి పదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. "మాకేం తెలుసు, క్లినిక్ వాళ్లే చూసుకున్నారు" అనుకునే జంటకీ మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. "అన్నీ మేం చూసుకుంటాం" అన్న మాట వినగానే ఇది గుర్తుకు రావాలి.

అర్హత ఇలా ఉంటుంది. గర్భాశయం లేకపోవడం, తీసేయడం, ఐవీఎఫ్ పదేపదే ఫెయిలవడం, కారణం తెలియకుండా గర్భాలు పోవడం, గర్భం మోస్తే ప్రాణానికే ప్రమాదమయ్యే జబ్బు, ఇలాంటి కారణం ఉందని జిల్లా మెడికల్ బోర్డు ధ్రువీకరించాలి. బతికున్న బిడ్డ ఉండకూడదు (తీవ్రమైన వైకల్యం లేదా ప్రాణాంతక జబ్బు ఉన్న బిడ్డయితే మినహాయింపు). మోసే మహిళ 25–35 మధ్య వయసులో ఉండాలి, పెళ్లయి సొంత బిడ్డ ఉండాలి, జీవితంలో ఒక్కసారే మోయాలి, తన అండం ఇవ్వకూడదు. ఒక మహిళ మీద ప్రయత్నాలు మూడుకు మించకూడదు. బిడ్డ మీదేనన్న ఉత్తర్వు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గర ముందే తెచ్చుకోవాలి, జనన ధ్రువీకరణకి ఆ ఉత్తర్వే ఆధారం.

డోనర్ వాడొచ్చా అన్నది మధ్యలో మారింది. 2023 మార్చిలో పూర్తిగా వద్దన్నారు. పుట్టుకతో గర్భాశయం లేని ఒక మహిళ విషయంలో అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు సడలించింది. 2024 ఫిబ్రవరిలో నిబంధనే మార్చారు, జంటలో ఒకరిదైనా ఉంటే ఇంకొకటి డోనర్‌ది కావొచ్చు, బోర్డు ధ్రువీకరిస్తే. ఇద్దరిదీ డోనరే అయితే కుదరదు. వితంతువు, విడాకులు తీసుకున్న మహిళ అయితే అండం ఆవిడదే ఉండాలి. చట్టం రాకముందే ఎంబ్రియోలు ఫ్రీజ్ చేసుకున్న జంటలకి వయసు పరిమితి వర్తించదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది, అలాంటి వాళ్లు ఉంటే వకీలుని కలవండి.

ఇప్పుడు నా మాట. డాక్టరుకి ఫీజు, ల్యాబ్‌కి ఫీజు, వకీలుకి ఫీజు, తొమ్మిది నెలలు మోసిన ఆవిడకి మాత్రం దండం. 2017లోనే పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం, న్యాయమైన పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టండి, కేవలం దయతో చేయమనడం సరికాదని సిఫారసు చేసింది. ప్రభుత్వం వినలేదు. బంజారాహిల్స్ లాంటివి చూశాక భయపడటం సహజమే, కానీ పరిహారం ఆపితే అవసరం ఆగలేదు, చీకట్లోకి వెళ్లింది.

డబ్బు లేకపోతే మిగిలేది చుట్టరికం. మరదలో, ఆడపడుచో, పెదనాన్న కూతురో. మన ఇళ్లలో "కాదు" అని చెప్పడం ఎంత కష్టమో మీకు తెలుసు, ముఖ్యంగా ఆమె భర్త మీ దగ్గర పని చేస్తుంటేనో, పెళ్లికి మీరు సాయం చేసి ఉంటేనో. ఎంబ్రియో పెట్టే ముందు వరకు ఆవిడ మనసు మార్చుకోవచ్చు, చట్టం ఆ హక్కు ఇచ్చింది. పెద్దల ముందు కాకుండా, ఒంటరిగా, కౌన్సెలర్ దగ్గర ఆ మాట ఆవిడకి తెలిసిందో లేదో చూడండి. బీమా కాగితం ఆవిడ చేతిలోనే ఉండాలి.

ఎన్నారైలకి చిన్న మాట: భారత సంతతి జంటలు ఇక్కడ సరోగసీకి జాతీయ బోర్డు సిఫారసు పత్రం తెచ్చుకోవాలి, విదేశీ జంటలకి దారి మూసేశారు. అమెరికాలో ఉన్నవాళ్లు కొన్ని రాష్ట్రాల్లో డబ్బిచ్చి చట్టబద్ధంగా చేయించుకోవచ్చు, ఖర్చు లక్ష డాలర్లు దాటుతుంది.

దత్తత

ఐవీఎఫ్ అన్నీ అయిపోయాక చివరి దిక్కుగా దీన్ని తలుచుకోవడం మనకి అలవాటు. లైను పొడుగు కాబట్టి ఆలోచన ఉంటే ముందే కారా పోర్టల్‌లో నమోదు చేసుకోవడం తెలివైన పని, ఆరోగ్యంగా ఉన్న చిన్న బిడ్డ కోసం మూడేళ్లు దాటే ఎదురుచూడాలి. కాస్త పెద్ద పిల్లలు, అన్నాచెల్లెళ్లు కలిసి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు అయితే త్వరగా అవుతుంది. పెళ్లయి రెండేళ్లు నిండి ఉండాలి. మతంతో సంబంధం లేదు. జిల్లా శిశుగృహ, ఇంటికొచ్చి చేసే విచారణ, కలెక్టర్ ఉత్తర్వు, ఇదీ క్రమం. బంధువుల బిడ్డని పెంచుకోవాలనుకునే హిందువులకి 1956 చట్టం దారి వేరే ఉంది, డీడ్ రిజిస్టర్ చేయించుకోండి, డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం అక్కడా నేరమే.

ఆస్పత్రి ఆయమ్మ ద్వారానో, ఊళ్లో ఆర్‌ఎంపీ ద్వారానో "బిడ్డ ఉంది, రాత్రికే తెచ్చుకోండి" అంటే అది దత్తత కాదు, కొనడం. ఏ రోజైనా పోలీసులొచ్చి బిడ్డని తీసుకెళ్తారు.

ఒక విచిత్రం గమనించారా? దత్తత బిడ్డకి తన మూలాలు వెతుక్కునే పద్ధతి నిబంధనల్లో రాసి ఉంది, 18 దాటాక తనంతట తాను, అంతకుముందు పెంచినవాళ్లతో కలిసి అడగొచ్చు (కన్నతల్లి తన వివరాలు ఇవ్వొద్దంటే అక్కడ ఆగుతుంది). డోనర్ ద్వారా పుట్టిన బిడ్డకి అది కూడా లేదు.

మీరు ఎవరైతే ఏది

35 లోపు ఉండి, పెళ్లయి రెండు మూడేళ్లే అయిన జంట: కంగారు లేదు, ఇద్దరి పరీక్షలూ చేయించండి, అవసరమైతే ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపడం), తర్వాత సొంత అండంతో ఐవీఎఫ్. మొదటి సైకిల్ ఫెయిల్ కాగానే డోనర్ మాట ఎత్తే క్లినిక్‌ని నమ్మకండి, రెండో అభిప్రాయం తీసుకోండి.

42 దాటినవాళ్లు: సొంత అండంతో నాలుగో సైకిల్ కోసం పొలం అమ్మే ముందు డోనరా, దత్తతా అన్నది కూర్చుని మాట్లాడుకోండి.

పెళ్లి కాని మహిళ: డోనర్ వీర్యంతో ఏఆర్‌టీ చేయించుకోవచ్చు, దత్తత తీసుకోవచ్చు, సరోగసీకి వీల్లేదు. పునరుత్పత్తి నిర్ణయం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది, అయినా విడాకులు తీసుకున్నావిడకి ఇచ్చింది పెళ్లే చేసుకోనావిడకి ఎందుకు లేదో చట్టం చెప్పదు. ఒంటరి మగవాడికి దత్తత ఒక్కటే. స్వలింగ జంటలకి జంటగా ఏ దారీ లేదు, సహజీవనంలో ఉన్నవాళ్లకి జంటగా ఏఆర్‌టీ, సరోగసీ రెండూ మూసే ఉన్నాయి. ఈ భాగం మాత్రం ఏ రకంగా చూసినా సమర్థించలేను.

ఒక బిడ్డ ఉండి రెండో బిడ్డ కోసం చూసేవాళ్లకి సరోగసీ దొరకదు, మిగతావి దొరుకుతాయి.

సంతకం ముందు

క్లినిక్ రిజిస్ట్రేషన్ నంబరు జాతీయ రిజిస్ట్రీలో ఉందో లేదో చూడండి. లెవెల్ 1 అయితే ఐయూఐ వరకే, ఐవీఎఫ్ చేయాలంటే లెవెల్ 2 ఉండాలి. ఫిర్యాదుల విభాగం ఎవరు చూస్తారో అడగండి. "మగబిడ్డ కావాలంటే చూద్దాం" అని నవ్వుతూ అన్నా సరే, లింగ ఎంపికకి ఐదు నుంచి పదేళ్ల జైలు ఉంది, అక్కడ ఇంకేం చేస్తున్నారో మీకే అర్థమవ్వాలి. కన్సెంట్ ఫారం తెలుగులో ఇమ్మనండి, ఇంటికి తీసుకెళ్లి చదవండి. ఎంబ్రియో లోపల పెట్టే ముందు వరకు మీ సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. మిగిలిన ఎంబ్రియోలు పదేళ్లకు మించి దాచకూడదు, వాటిని ఏం చేయాలన్న గడి ఆ ఫారంలో ఖాళీగా వదిలేస్తుంటారు చాలామంది. మీలో ఒకరు లేకపోతే, లేదా విడిపోతే ఏం చేయాలో కూడా ఇద్దరూ మాట్లాడుకుని అదే రోజు అందులో రాయండి.